జోల పాడుటకు యంత్రమునకు అధికారము లేదు



ఒక దేవాలయమున రాత్రి పవళింపు సేవ జరుగుచున్నది. స్వామిని పూలతో అలంకరించిన ఊయలలో వేంచేపు చేసిరి. పాలు నివేదన అయినవి. దీపములు తగ్గించిరి. అర్చకులు ఊయల గొలుసును మెల్లగా కదుపుచు లాలి పాడుచుండగా, ముందు వరుసలో నిలిచిన యువదంపతుల కన్నులు చెమర్చినవి. ఆ తండ్రి భుజముపై రెండేండ్ల బిడ్డ ఉన్నది. బిడ్డ చేతిలో ఫోను ఉన్నది. అందులో రంగురంగుల చేపలు గంతులు వేయుచు ఏదో పాట పాడుచున్నవి. స్వామికి లాలి జరుగు వేళ బిడ్డ అల్లరి చేయకుండుటకై ఆ ఏర్పాటు. నిద్రతో పనిలేని పరమాత్మకు మానవకంఠము జోల పాడుచున్నది. నిద్ర కావలసిన శిశువునకు యంత్రము పాడుచున్నది. ఈ వైపరీత్యమును ఆ మండపమున ఎవ్వరును గమనింపలేదు.

ఇది ఒక్క దంపతుల కథ కాదు. అన్నము తినిపించుటకు ఫోను, ప్రయాణమున ఫోను, నిదురపుచ్చుటకు ఫోను. ఐదేండ్లు నిండని పిల్లలున్న ఇండ్లలో నేడు సంగీతమనగా తరచుగా ఇదియే. నీళ్ళ గ్లాసునకు ఆనించి నిలిపిన ఆ చిన్న పలక పాడుచుండును; బిడ్డ నోరు తెరచును; తల్లి ముద్ద పెట్టును. ముద్ద పెట్టిన చేయి ఎవరిదో బిడ్డ చూడదు. పాట పాడిన గొంతు ఎవరిదో తల్లి ఎరుగదు.

దైవభక్తి గల ఇండ్లలో ఈ చిత్రము కొంచెము మారును. చేపలకు బదులు చిన్నికృష్ణుని బొమ్మ వెన్న తినుచుండును. ఊయల ప్రక్కన ఒక చిన్న పెట్టె రేయింబవళ్ళు ఒకే మంత్రమును వల్లించుచుండును. ఆ గృహస్థులు తృప్తిపడుదురు: "మా యింట పిచ్చిపాటలు లేవు, బిడ్డ చెవిన పడునది భగవన్నామమే." ప్రశ్నింపవలసినది ముఖ్యముగా ఈ తృప్తినే. చేపల చేత పాడించిన ఇంటను, పెట్టె చేత మంత్రము చెప్పించిన ఇంటను జరిగిన లోపము ఒక్కటియే. పాడవలసిన వారు పాడుటలేదు.

పూర్వపక్షము

తల్లిదండ్రుల పక్షమును ముందుగా న్యాయముగా వినవలెను. ఎదుటివాని మాటను కుదించి చెప్పి ఖండించుట వాదము కాదు, వితండ. వారు చెప్పునవి నాలుగు.

మొదటిది, సమయము లేదు. భార్యాభర్తలిద్దరును ఉద్యోగములకు పోవుదురు. హైదరాబాదులోనైనను, డాలస్‌లోనైనను ఇంట అమ్మమ్మ లేదు, నాయనమ్మ లేదు. చీకటిపడిన పిదప ఇల్లు చేరిన తల్లికి వంట, గిన్నెలు, మరునాటి పని ఎదురుచూచుచుండును. ఆ అరగంట బిడ్డను ఒకచోట కూర్చుండబెట్టగలిగినది ఫోను ఒక్కటే.

రెండవది, కంఠము లేదు. "అమ్మాయీ, పిల్లవాడికి ఓ జోలపాట పాడరాదూ" అని అత్తగారు అన్నచో, "నా గొంతు బాగుండదు అత్తయ్యగారూ, ఫోనులో ఎంతో చక్కగా పాడుతున్నారు కదా" అని కోడలు బదులు చెప్పును. ఇది సాకు కాదు, నిజమైన సంకోచము. దోషములన్నియు దిద్ది తీర్చిన పాటలకు అలవాటుపడిన చెవికి తన గొంతు తనకే నామోషీగా తోచును.

మూడవది, విసుగు. పిల్లలు ఒకే పాటను పదిమారులు, ఇరువదిమారులు కోరుదురు. "మళ్ళీ" అను ఒక్క మాటకు వారి వద్ద అంతము లేదు. ఆ వరుస తండ్రి తలలో దూరి కార్యాలయము వరకు వెంటవచ్చును. నడిరేయి మెలకువ వచ్చినను మ్రోగుచుండును. దీనిని నవ్వుచు చెప్పుకొందురు గాని, ఆ నవ్వు వెనుక నిజమైన అలసట ఉన్నది.

నాల్గవది, నామమహిమ. నిప్పును తెలిసి ముట్టినను తెలియక ముట్టినను కాలును గదా. అటులనే మనుష్యుడు పలికినను యంత్రము పలికినను నామము నామమే గదా అందురు. ఇది భక్తుల వాదము. అందుచేత దీనినే ముందు పరిశీలింపవలెను.

నామము వినబడినంత మాత్రమున చాలునా?

నామమహిమను కాదనువారు ఎవ్వరును లేరు. అందులకు ప్రమాణముగా అందరును చూపునది భాగవతము షష్ఠస్కంధములోని అజామిళోపాఖ్యానము. ఆ కథను మరియొకమారు సావధానముగా చూడవలెను. అజామిళుని రక్షించిన ఆ పిలుపు ఎవరిది? మరణశయ్యపై నున్న ఒక తండ్రిది. ఎవరిని పిలిచెను? ముద్దుమాటలు పలుకు వయసులోనున్న తన కడగొట్టు బిడ్డను. నారాయణ నామము ఒక తండ్రి కంఠమునుండి, పుత్రప్రేమతో తడిసి, బిడ్డ పేరుగా వెలువడినది. నామాభాసమునకే అంతటి ఫలమని చాటు ఆ కథలో సైతము పలికినది ప్రాణమున్న నోరు. గోడకు తగిలించిన పెట్టె కాదు.

యంత్రము పలికిన నామమునకు వినువాని శ్రద్ధయే దిక్కు. పెద్దవాడు శ్రద్ధతో విన్నచో ఆ శ్రద్ధ ఫలించును. అందులో వివాదము లేదు. ఊయలలోని శిశువునకో, ఆ శ్రద్ధ ఇంకను అంకురింపలేదు. పలుకుదానికి ప్రాణము లేదు; వినువానికి ఎరుక పండలేదు. ఇక నడుమ జరిగిన ఉపాసన ఎవరిది?

వేదమునకు శ్రుతి యని పేరు వచ్చినది వినికిడి వలననే. కాని ఆ వినికిడి గురుముఖము నుండి. పాఠశాలలో సంత చెప్పుకొను విద్యార్థి గురువు పలికిన దానిని విని, అదే స్వరముతో మరల మరల పలుకును. తప్పిన చోట గురువు ఆపును, దిద్దును. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లితో ఆరంభమగుచు, అక్షరము, స్వరము, మాత్ర మొదలైన ఆరు అంశములను ముందు నిలుపుటకు కారణమిదే. వ్రాతను చూచి చదువువానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చినది. గ్రంథమునకే ఆ స్థానమిచ్చిన సంప్రదాయము, పలుకుట తప్ప వినుట తెలియని పెట్టెకు గురుపీఠము వేయునా? 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయమును మానవాళి మౌఖిక వారసత్వములో మహత్తరమైనదిగా ప్రకటించినది. ఆ గౌరవము వ్రాతప్రతులకు గాని ధ్వనిముద్రణలకు గాని దక్కినది కాదు. నోటి నుండి చెవికి, చెవి నుండి నోటికి సాగివచ్చిన పరంపరకు దక్కినది.

ఇంకొక మాటయు చెప్పవలసియున్నది. గాయత్రి ఉపదేశమంత్రము. ఉపనయనవేళ తండ్రియో ఆచార్యుడో వస్త్రము కప్పి వటువు చెవిలో చెప్పునది. దానిని పాలసీసా ప్రక్కన, ఎంగిలి గిన్నెల నడుమ, వినువారు లేని గదిలో దినమంతయు మ్రోగించుట భక్తి యనిపించుకొనదు, నియమభంగము. ఊయలకు వేదమంత్రము అక్కరలేదని పూర్వులు ఎరుగుదురు. ఊయల కొరకే వారు లాలిని కల్పించిరి. లాలికి దీక్ష వద్దు, స్వరనియమము వద్దు, వర్ణాశ్రమ విచారణ వద్దు. కావలసినది ఒక్కటే, బిడ్డను చూచుచు పాడు మనిషి.

ఆలయము చెప్పు సాక్ష్యము

తిరుమల శ్రీవారి సుప్రభాతమును ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గళమున వినని తెలుగు ఇల్లు అరుదు. ఆ ధ్వనిముద్రణ కొన్ని దశాబ్దములుగా లోకమంతట మ్రోగుచున్నది. అంతటి నాదము చేతికి అందుబాటులో నున్నను, సన్నిధిలో బంగారువాకిలి ముందు ప్రతి వేకువను మనుష్యులే నిలిచి సుప్రభాతము పఠింతురు. ధనుర్మాసమున దాని స్థానమున తిరుప్పావై పఠింతురు. రాత్రి ఏకాంతసేవలో స్వామిని పవళింపజేయువేళ తాళ్ళపాక వంశీయులు లాలి పాడుదురు. తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి జరుగును. వారి గళము సుబ్బులక్ష్మి గారి గళమునకు సాటియా అని అచట ఎవ్వరును విచారింపరు. యంత్రము పెట్టి సేవ ముగింపరాదా అని ఎవ్వరును అడుగరు. సేవ యనగా చేయునది గాని చేయించునది కాదని అందరికిని తెలియును.

శిలామూర్తియందును, లోహమూర్తియందును చైతన్యమును భావించి కంఠమెత్తి పాడు జాతి, చైతన్యము తొణికిసలాడు శిశువు ముందు కంఠము మూసికొనుట ఏమి న్యాయము?

మదాలస జోల

మార్కండేయ పురాణములోని మదాలస కథ ఈ విషయమున శిరోధార్యము. ఋతధ్వజుని రాణి యైన ఆమె, ఏడ్చుచున్న శిశువులను ఊరడించు మిషతో ఆత్మతత్త్వమును బోధించెను. విక్రాంతుడు, సుబాహుడు, శత్రుమర్దనుడు అను మువ్వురు కుమారులును ఆ లాలన వలననే విరక్తులైరి. నాల్గవవాడు అలర్కుడు. వంశమును నిలుపుటకు వీనినైనను ప్రవృత్తిమార్గమున పెంచుమని భర్త కోరెను. మదాలస తన బోధను మార్చెను. ప్రజాపాలనము, రాజధర్మము అతనికి నేర్పెను.

ఈ కథను చెప్పువారు తరచుగా మొదటి భాగముతో ఆగిపోవుదురు. ఇచట ముఖ్యమైనది రెండవ భాగమే. బిడ్డ మారినపుడు పాట మారినది. ఆ తల్లి ఎదుటనున్న బిడ్డను చూచెను. ఇంటి అవసరమును విన్నది. తన మాటను సవరించుకొన్నది. అధికారిభేదము ననుసరించి ఉపదేశభేదము అనునది వేదాంతమున మూలసూత్రము. దానిని మదాలస ఊయల దగ్గర ఆచరించి చూపినది.

యంత్రమునకు బిడ్డ లేదు. కోటి ఇండ్లలో కోటి బిడ్డలకు అది ఒకే పాటను ఒకే తీరున పాడును. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రియు అదే ఉత్సాహము. బిడ్డ కన్ను మూతపడుచున్న వేళయు అదే వేగము. కొన్ని నిముషములకు ఇంకొక పాట తనంతట తానే వచ్చి కూర్చుండును, ఏలయన చూచువాడు ముగించి లేచిపోకుండుటయే దానికి లాభము. జోల అటుల కాదు. జోల పరమార్థము తాను ఆగిపోవుట. బిడ్డ నిదురించిన క్షణమున గొంతు తగ్గును, చరణము సగములో నిలిచిపోవును. ఆగుట తెలిసిన పాట జోల. ఆగనీయని పాట వ్యాపారము.

ఆధునికుల పరిశోధన

శాస్త్రమును నమ్మినవారికి ఇంతవరకు చెప్పినది చాలును. ప్రత్యక్షప్రమాణము కోరువారికి పాశ్చాత్యుల పరీక్షలును కొన్ని కలవు. పుట్టి మూడు దినములైనను నిండని శిశువులు పరస్త్రీ కంఠము కంటె తల్లి కంఠమునే వినగోరుదురని 1980లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధన చూపినది. శిశువు పాలపీక చప్పరించు తీరును మార్చుకొని తల్లి గొంతును రప్పించుకొన్నదట. పాటగత్తె యెవరో శిశువు విచారింపలేదు. అమ్మ యెవరో విచారించినది.

2003లో ప్రకటితమైన మరియొక పరీక్ష ఇంకను విస్పష్టమైనది. ఆంగ్లము మాటలాడు ఇండ్లలోని తొమ్మిది నెలల శిశువులకు చైనా భాషను పండ్రెండుమారులు వినిపించిరి. కొందరికి మనిషి ఎదుట కూర్చుండి ఆటబొమ్మలతో, పుస్తకములతో చెప్పెను. మరికొందరికి అదే మాటను తెరపై చూపిరి, లేదా ధ్వనిగా మాత్రము వినిపించిరి. మనిషి ముఖము చూచుచు విన్న శిశువులు ఆ భాషలోని ధ్వనిభేదములను గ్రహించిరి. యంత్రము ద్వారా విన్నవారు ఏమియు గ్రహింపలేదు. ధ్వని ఒకటే, భాష ఒకటే; లేనిది మనిషి మాత్రమే. గురుముఖత అను మాటకు ఇంతకంటె ప్రత్యక్షమైన వ్యాఖ్యానము దొరకదు.

ఏడాది నిండని శిశువులకు తెర యెదుట కాలక్షేపము అసలే వలదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. మాతామహులు నోటితో చెప్పిన దానిని నేడు సంస్థలు కాగితముపై చెప్పవలసివచ్చినది.

విసుగు ఎచట పుట్టినది?

ఇక విసుగు మాట. దీనిని తేలికగా త్రోసివేయరాదు. ఇందులో ఒక రహస్యమున్నది.

దక్షిణ కొరియా సంస్థ యైన పింక్‌ఫాంగ్ 2016లో విడుదల చేసిన "బేబీ షార్క్" అను చేపపిల్ల పాట, 2020 నవంబరు నాటికి యూట్యూబులో అందరికంటె ఎక్కువగా చూడబడినదై, 2022 జనవరిలో వెయ్యి కోట్ల వీక్షణములు దాటిన మొదటి చిత్రమైనది. ఇదే పాటను 2019లో అమెరికాలోని వెస్ట్ పామ్ బీచ్ నగరపాలకులు, ఇల్లులేని నిరుపేదలు ఒక భవనము వసారాలో పడుకొనకుండ తరుముటకై రాత్రులందు ఎడతెగక మ్రోగించిరి. పిల్లలకు ఆనందహేతువైన పాట పెద్దలను తరిమివేయు సాధనమైనది. ఒకే పాట, ఒకే ఆవృత్తి. ఒకరికి అమృతము, ఒకరికి శిక్ష. కారణమేమి?

కారణము ఆవృత్తి కాదు. ఆవృత్తియే దుఃఖహేతువైనచో జపము చేయువాడు పిచ్చివాడు కావలెను. ఘనపాఠము వల్లించు విద్యార్థి పారిపోవలెను. ఒకే పదమును ముందుకును వెనుకకును త్రిప్పి త్రిప్పి పలుకు ఆ బాలుని ముఖమున విసుగునకు బదులు తేజస్సు కనబడును. భేదము ఇంతమాత్రమే: పలుకువానికి ఆవృత్తి అభ్యాసము; పలుకక పడియుండువానికి అదే ఆవృత్తి హింస. బిడ్డ "మళ్ళీ" అనినపుడు అది లోలోపల తానును పాడుచున్నది. ముందు రాబోవు మాటను ఊహించి, అది వచ్చినంతనే నవ్వుచున్నది. తల్లిదండ్రులో, ప్రక్కగదిలో ఆ మ్రోతను భరించుచున్నారు. వారు పాటలో లేరు. పాట వారిమీదుగా పోవుచున్నది.

అదే తల్లి తానే పాడి చూడవలెను. ఇరువదవమారు పాడినను అది ఇరువదవమారు కాదు. ఈసారి బిడ్డ ఆ మాట దగ్గర కన్ను విప్పార్చినది. ఈసారి చివరి అక్షరమును తానే అందుకొన్నది. ఈసారి తల్లి చుబుకమును తడిమినది. పాడువాని శ్వాస దీర్ఘమగును. దీర్ఘశ్వాసతో మనస్సు నెమ్మదించును. ప్రాణము నిలిచినచో మనస్సు నిలుచునను యోగశాస్త్ర రహస్యమును ప్రతి జోలపాటయు చెప్పకయే చేయించును. దినమంతయు పరుగెత్తి అలసిన తల్లి, బిడ్డ కంటె ముందుగా తానే ఊరడిల్లును. జోల బిడ్డ కొరకు మాత్రమే యనుకొనుట పొరపాటు. అది పాడువారి ఉపాసన. యంత్రమునకు అప్పగించినపుడు బిడ్డ ఒక కంఠమును కోల్పోవును. తల్లి ఒక సాధనను కోల్పోవును. విసుగు ఆ రెండవ నష్టమునకు పేరు.

కంఠము లేనివారెవరు?

గొంతు బాగుండదను సంకోచమునకు ప్రత్యుత్తరము చిన్నది. లాలి కచ్చేరి కాదు. ఊయలలోని శ్రోత శ్రుతి తప్పినదని లేచిపోడు. కర్ణాటక సంగీతమున స్వరావళులను, అలంకారములను ఏర్పరచినది పురందరదాసులవారని సంప్రదాయము చెప్పును. ఆ మెట్లు సంగీతము అభ్యసింపగోరు వారికి. జోలకు ముందు ఎక్కవలసిన మెట్టు ఏదియు లేదు. గొంతు బాగుండదని బిడ్డ యెదుట పాడని తల్లి, చేయి అందముగా లేదని బిడ్డను ఎత్తుకొనకుండునా?

ఇచటనే భక్తులలోని మరియొక దోషమును చెప్పవలసియున్నది. మూడేండ్ల బిడ్డ చేత శ్లోకములు కంఠస్థము చేయించి, బంధువుల యెదుట నిలిపి, ఫోనులో చిత్రించి నలుగురికిని పంపుచున్నారు. బిడ్డ తప్పిన చోట తల్లి కనుబొమ్మ ముడిపడును. ఇంట ఎన్నడును పాడని పెద్దలు బిడ్డను పాడుమందురు. పెద్దలు పాడుచున్న ఇంట బిడ్డ తనంతట తానే పాడును; అటుల పాడినది విద్య. పాడని ఇంట బిడ్డ చేత పాడించినది ప్రదర్శన.

సమయము, తండ్రి

సమయము లేదను మాట అన్నిటికంటె బరువైనది. ఉద్యోగమును, వంటను, బిడ్డను ఒక్క స్త్రీ తలకెత్తి, పైగా "నీవు జోల పాడుటలేదు" అని నిందించుట ధర్మము కాదు. అటుల నిందించు వారికి ఈ వ్యాసము అండ కాదు. నిందించువారు సాధారణముగా ఆ వేళ ఏమి చేయుచున్నారో ముందు విచారింపవలెను.

లాలి తల్లిదే అను నియమము ఎచటను లేదు. పెరియాళ్వారు యశోదా భావమును వహించి కృష్ణునికి ఊయలపాట పాడెను. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) లాలులను, జోలలను రచించెను. త్యాగరాజస్వామి (1767–1847) ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో రామునికి లాలి పాడి, ఊయల ఊపెను. మువ్వురును పురుషులే. ఈ పూటకును ఆలయములలో ఊయల ఊపి పాడునది అర్చకుడే. మగవాడు లాలి పాడుట చిన్నతనమైనచో సంప్రదాయమునకు మూలమైన ఈ మహానుభావులందరును చిన్నవారు కావలెను. తల్లి వంటయింట నున్న అరగంట తండ్రి కంఠము ఏమైనది? ఆ అరగంట అతని చేతిలోను మరియొక ఫోను ఉండుట అనేక గృహములలో కనబడు సత్యము. సమయము లేకపోలేదు, పాలుపంచుకొనలేదు.

వాహకమా, కర్తయా?

యంత్రమును సర్వథా బహిష్కరింపుమని చెప్పుట సిద్ధాంతము కాదు. రేడియో దినములలోను యంత్రము పాడినది గదా యని కొందరు అడుగుదురు. పాడినది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు నడపిన బాలానందమున పిల్లలే వచ్చి పాడిరి. అది వారమున కొంతసేపు వచ్చి, వెడలిపోయి, విన్న పిల్లల నోట పాటను మిగిల్చెడిది. బిడ్డ చేతిలో బందీగా ఉండలేదు. బిడ్డను బందీగా ఉంచుకొనలేదు.

దూరదేశమున నున్న మనుమరాలికి గుంటూరులోని అమ్మమ్మ వీడియో కాలులో జోల పాడుచున్నది. ఇది యంత్రగానమా? కాదు. బిడ్డ ఆవులించినచో అమ్మమ్మ గొంతు తగ్గించును. బిడ్డ నవ్వినచో మొదటికి వచ్చును. యంత్రము ఇచట వాహకము, కర్త అమ్మమ్మ. రెండేండ్లు దాటిన పిల్లలు ఎదుటివారు ప్రత్యక్షముగా బదులిచ్చు వీడియో సంభాషణ నుండి క్రొత్త మాటలు నేర్చిరనియు, ముందే చిత్రించిన దాని నుండి నేర్వలేదనియు 2014లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. ఆ తెర వంటి తెరయే. ఒక తెర వెనుక బదులిచ్చు మనిషి ఉన్నాడు, మరియొక తెర వెనుక లేడు.

కనుక నిర్ణయమిది. ధ్వనిముద్రణ గ్రంథము వంటిది. పాట తెలియని తల్లిదండ్రులు దానిని విని నేర్చుకొనవచ్చును. నేర్చిన పిదప మూసి ప్రక్కన పెట్టవలెను. రోగము, దూరప్రయాణము, తప్పనిసరి పని వచ్చినపుడు కొంతసేపు దానిని ఆశ్రయించుట ఆపద్ధర్మము; ఆపద్ధర్మమును నిత్యకర్మ చేయరాదు. నిత్యకర్మ యేది? రాత్రి నిదురవేళ ఒక్క పాట. ఒక్కటి చాలును, ప్రతిదినము అదే పాట అయినను లోపము లేదు, అదియే మేలు. ఒకనాడు తల్లి, ఒకనాడు తండ్రి. పెట్టె కట్టివేసి, దీపము తగ్గించి, తమకు వచ్చిన గొంతుతో. పాట రానిచో బిడ్డ పేరునే రాగము తీసి పిలువవచ్చును. ఆ పేరు భగవన్నామమైనచో అది అజామిళుని మార్గము. అతనికంటె ముందుగానే, మృత్యువు గుమ్మమున నిలువక పూర్వమే దొరకిన మార్గము.

పోతనామాత్యుని భాగవతమున గోపికలు బాలకృష్ణునికి జోల పాడుదురు. ఆ ఊయలలో నున్నవాడు యోగనిద్రలో బ్రహ్మాండములను భరించువాడు. అతనికి జోల వలన క్రొత్తగా వచ్చు నిద్ర లేదు. ఆ పాట వలన తరించినది గోపికలే. దేవాలయమున ఊయల ముందు కన్నీరు కార్చు తల్లిదండ్రులకు ఈ తత్త్వము హృదయమునకు తెలిసియే యున్నది. లేకున్న ఆ కన్నీరు రాదు. తెలియవలసినది ఇంకొక్కటి మాత్రమే. ఇంటికి చేరిన పిదప భుజముపైని బిడ్డను దింపి పరుండబెట్టునపుడు, ఆ చేతిలోని ఫోనును మెల్లగా తీసికొనవలెను. బిడ్డ ఏడ్చును. ఏడ్చు బిడ్డ ముందు ఏమి చేయవలెనో మదాలసకు తెలిసినది, అన్నమయ్యకు తెలిసినది, చదువురాని అమ్మమ్మకును తెలిసినది. అపుడు నోరు తెరవవలసినది బిడ్డ కాదు.

స్వస్తి.